వాల్వులకు కంబళ్ళు

కంబళ్ళు పట్టుకుపోయిన పెద్దల్లారా, మిమ్మల్నే! పక్కకి చూడకండి, మీ వెనకాల ఇంకెవరూ లేరు. చలికి ముడుచుకు పడుకునే పిల్ల దగ్గర కంబళి లాక్కుని, గోడనున్న వాల్వు బుడిపెకి కప్పింది మీరే. కప్పి, రిబ్బను కట్టి, ఫోటో దిగింది మీరే. ఆ ఫోటోలో మీ మెడకి మఫ్లరుంది, చేతులకి గ్లౌజులున్నాయి, నెత్తిన మంకీ క్యాపుంది. పక్కన నిలబడ్డ పిల్లల ఒంటి మీద పల్చని గౌనుంది. ఇదేమిటని అడిగితే విధాన నిర్ణయం అన్నారు. సరే. ఆ విధానం ఎలా పుట్టిందో, కొర్రమెట్టలో దాని తిక్క ఎలా కుదిరిందో చెబుతాను. కూర్చోండి. మధ్యలో మీటింగుందని లేచిపోకండి.

కొర్రమెట్ట ఏజెన్సీలో బాగా పైనుంది. డిసెంబరొస్తే తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది. కొబ్బరినూనె సీసా రాయవుతుంది. కుక్కలు కూడా ఎండ మొహం చూసేదాకా మొరగవు. అక్కడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలుంది. దానికి వార్డెన్ వంతాల దమయంతి. అదే బళ్ళో చదివి, సైన్సు డిగ్రీ పట్టుకుని, మళ్ళీ అదే బడికి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, ఓర్పు చిన్నది. వంట చేసేది ముత్తమ్మ. ఆవిడకి ఓర్పు అసలే లేదు.

పిల్లలకి తలా ఒక ఎర్ర కంబళి ఉండేది. గరుగ్గా ఉండేది, తడిస్తే గొర్రె వాసన కొట్టేది. అయినా కంబళి కంబళే.

కింద పట్నంలో ఒక ఆఫీసుంది. శీతల ప్రాంత ఉష్ణ సంక్షేమ మండలి అని దానికి పేరు. సంచాలకులు మార్తాండరావు గారు. సూర్యుడి పేరుంది కాబట్టే ఆ కుర్చీ ఇచ్చారని గిట్టనివాళ్ళంటారు. చలిదేశాల్లో వెచ్చదనం ఎలా అమలవుతుందో చూసొద్దామని ఆయనొక బృందాన్ని వెంటేసుకుని విదేశాలకి వెళ్ళాడు. జూన్‌లో వెళ్ళాడు. అక్కడప్పుడు ఎండాకాలం. ప్రతి గదిలోనూ కిటికీ కింద ఇనప దడిలాంటిదొకటి, దాని పక్కన తెల్లటి బుర్ర ఒకటి కనిపించాయి. దడిని రేడియేటరనీ, బుర్రని వాల్వనీ అంటారని చెప్పారు. మార్తాండరావు గారు దడి మీద చెయ్యేశాడు. చల్లగా ఉంది. గది మాత్రం వెచ్చగా ఉంది. ఇనుము చల్లగా ఉండి గది వెచ్చగా ఉండటం చూసి ఆయన మనసు కరిగిపోయింది.

"విజ్ఞానమంటే ఇదీ!" అన్నాడు.

బయట ఎండ కాస్తోందని బృందంలో ఎవరూ అనలేదు. బృందంలో ఉన్నవాళ్ళు అనరు.

ఆయన తిరిగొచ్చాక కొర్రమెట్ట బడికి యోగం పట్టింది. వంటగది వెనక కాఫీ పొట్టుతో మండే బాయిలర్ పెట్టారు. గోడల వెంట పైపులు వేశారు. పడక గదుల్లో ఇనప దడులు బిగించారు. అసిస్టెంటు ఇంజనీరు కాశీనాథ్ ఒక పూటంతా కూర్చుని దమయంతికీ ముత్తమ్మకీ పాఠం చెప్పాడు.

"బాయిలర్లో కాగిన నీళ్ళు ఈ పైపులోంచి దడిలోకొస్తాయి. గదిని వెచ్చబెట్టి మళ్ళీ వెనక్కి పోతాయి. ఈ బుర్రలో మైనంలాంటి పదార్థముంది మేడమ్. చుట్టూ గాలి వేడెక్కితే అది ఉబ్బుతుంది. ఉబ్బి, కిందనున్న సన్న పుల్లని నొక్కుతుంది. పుల్ల దిగితే వేడినీళ్ళ దారి మూసుకుంటుంది. గాలి చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు పుల్లని పైకి తోస్తుంది, మళ్ళీ నీళ్ళు పారతాయి."

"చెరువు మదుం కాడ మనిసన్నమాట," అంది ముత్తమ్మ. "పొలం తడిస్తే మూసేత్తాడు, ఎండితే తీసేత్తాడు."

"అంతే! కాకపోతే ఈ మనిషి పొలమంతా తిరిగి చూడడు. తన కాలి కింద తడి ఉందా లేదా, అదొక్కటే చూస్తాడు. అందుకని వీడి చుట్టూ గాలి ఆడాలి. పరదా కప్పకూడదు, మంచం ఆనించకూడదు. వీడికొక్కడికీ వేడి తగిలిందనుకోండి, గదంతా వెచ్చబడిందని దారి మూసేస్తాడు."

దమయంతి తలూపింది. ముత్తమ్మ అప్పటికే బుర్రని ఐదో అంకె దాకా తిప్పేసింది.

"అది పొయ్యి మంట కాదు ముత్తమ్మా. ఐదుకి తిప్పితే తొందరగా వేడెక్కదు. ఎంత వెచ్చబడ్డాక ఆగాలో ఆ అంకె చెబుతుంది, అంతే. మూడు చాలు."

"మా పిల్లలకి మూడేటి? ఐదే ఉండనీండి."

"అయితే మీరు ఐదు పెట్టండి, వాళ్ళు కిటికీ తీస్తారు. బయట కొండని వెచ్చబెడదాం."

ముత్తమ్మ గొణుక్కుంటూ మూడుకి తెచ్చింది.

ఒక దడి పైన చల్లగా, కింద వేడిగా ఉంది. లోపల గుడగుడమంటోంది. గాలి చిక్కుకుందన్నాడు కాశీనాథ్. జేబులోంచి చిన్న తాళంచెవి తీసి, దడి పైమూలనున్న మరని కొంచెం తిప్పాడు. పాము బుసకొట్టినట్టు గాలి పోయింది. నాలుగు చుక్కల నీళ్ళు రాగానే బిగించేశాడు. దడి పైదాకా వేడెక్కింది.

"ఆ తాళంచెవి మాకిచ్చి వెళ్ళండి," అంది దమయంతి.

"ఇది జిల్లా స్థాయి తాళంచెవి మేడమ్. గాలి వదిలే అధికారం మండల స్థాయికి ఇంకా రాలేదు."

అయినా మొదటి రోజులు బంగారంలా గడిచాయి. పిల్లలు దడుల దగ్గర చేరి ఎక్కాలు చదివారు. ఐదో తరగతి పాంగి సోమిని అనే పిల్లకి ప్రతి చలికాలం దగ్గు పట్టుకుంటుంది, ఆ ఏడు చలి మొదలైనా పట్టుకోలేదు. ఇంటి దగ్గరైతే కొండ మీద పాకలో నిప్పుల పక్కన పడుకునే పిల్ల ఆమె. తండ్రి జగ్గన్న సంతకొచ్చినప్పుడల్లా బడి దగ్గర ఆగి, "ఉంటావా, వచ్చేత్తావా?" అని అడిగేవాడు. ఈసారి సోమిని గదిలోకి పరుగెత్తి దడి మీద రెండు చేతులూ పెట్టి చూపించింది. జగ్గన్న నవ్వి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మార్తాండరావు గారు ఆగలేదు.

నెల తిరక్కుండానే వీడియో మీటింగు పెట్టాడు. తెర మీద ఆయన మొహం, వెనక గోడ మీద విదేశీ దడి ఫోటో.

"తాపన వ్యవస్థ ఏర్పాటైన దృష్ట్యా, సదరు వసతి గృహాల్లో కంబళ్ళు కొనసాగించడం ద్వంద్వ ప్రయోజనం కిందికి వస్తుంది. ఒక లబ్ధిదారుకి ఒకే వెచ్చదనం. ఇది మండలి మౌలిక సూత్రం."

"అయ్యా," అంది దమయంతి, "తెల్లారుజామున బాయిలర్ ఆరిపోతుంది. అప్పుడు కంబళి కావాలి."

"ఆ సమయంలో లబ్ధిదారులు నిద్రలో ఉంటారు కదమ్మా? నిద్రలో చలి తెలియదు."

కంబళ్ళన్నీ మడతపెట్టి స్టోర్లో పెట్టారు. తాళం వేశారు. ఆ తాళంచెవి కూడా జిల్లా స్థాయికి వెళ్ళిపోయింది.

చలి ముదిరింది. ఒక పొద్దున కుళాయిలో నీళ్ళు రాలేదు, పైపులో గడ్డకట్టాయి. ఆ వార్త పట్నం చేరింది. మార్తాండరావు గారు కదిలిపోయాడు. పిల్లల గురించి కాదు, వాల్వుల గురించి. అవి ఓడెక్కి వచ్చాయి మరి. మళ్ళీ మీటింగు పెట్టాడు.

"శీతల గాలుల తీవ్రత నేపథ్యంలో ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ మన ప్రథమ కర్తవ్యం. వాల్వు సున్నితమైనది. వాల్వుకి చలి తగలరాదు. అందుచేత వాల్వు పరిరక్షణ పక్షోత్సవాలు ప్రకటిస్తున్నాం. ప్రతి వాల్వుకీ ఉన్ని ఆచ్ఛాదన కల్పించాలి. ఉన్ని కోసం ప్రత్యేక నిధులు అక్కర్లేదు. స్టోర్లలో కంబళ్ళు నిరుపయోగంగా పడి ఉన్నాయి."

జీపులో మనుషులు వచ్చి స్టోరు తాళం తీశారు. ఎర్ర కంబళ్ళు బయటికి రావడం చూసి పిల్లలు కేక పెట్టి పరుగెత్తారు. సోమిని అందరికన్నా ముందు చేతులు చాపింది. జీపు మనిషి ఆ పిల్లని సుతారంగా పక్కకి జరిపి, కంబళి మీద కంబళి విప్పి, వాల్వు చుట్టూ పొరలు పొరలుగా చుట్టి, పచ్చ రిబ్బను కట్టాడు. రిబ్బను మీద లక్క ముద్ర వేశాడు.

"ముద్ర తెగితే సస్పెన్షనే మేడమ్," అని దమయంతికి మర్యాదగా చెప్పాడు.

ముత్తమ్మ గరిట పట్టుకునే వచ్చింది. "ఒలమ్మో! పిల్లకి లేదుగానీ పైపుకి కంబలేటి బాబూ? రేపు దానికి దగ్గొస్తే మిరియాల కసాయం కూడా నన్నే కాసీమంతారేటి?"

"అలాంటి ఆదేశాలు ఇంకా రాలేదమ్మా," అన్నాడు అతను.

ఆ సాయంత్రానికల్లా దడులన్నీ చల్లబడిపోయాయి.

ముత్తమ్మ బాయిలర్ని తిట్టింది. పొట్టు ఇంకా వేసింది. బాయిలర్ ఎర్రబారింది, దడులు మాత్రం చేప పొట్టలా చల్లగా ఉన్నాయి. దమయంతి పైపు వెంట చేయి పెట్టుకుంటూ నడిచింది. వాల్వు దాకా పైపు చుర్రుమంటోంది. వాల్వు దాటాక మంచు. ముద్ర తెగకుండా కంబళి సందులోంచి రెండు వేళ్ళు దూర్చింది. లోపల పొదుగుతున్న కోడి పొట్ట కింద ఉన్నంత వెచ్చగా ఉంది.

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కాశీనాథ్ చెప్పిన మాటలు వరసగా గుర్తొచ్చాయి. వేడి పైపు పక్కనుంది, పైన కంబళుంది. మదుం కాడ మనిషికి ఒళ్ళు వెచ్చబడింది. లోకమంతా వెచ్చబడిందనుకుని దారి మూసుకుని కూర్చున్నాడు. వాల్వు చెడిపోలేదు. దానికి తెలిసిన పని అది బుద్ధిగా చేస్తోంది.

ఫోనందుకుంది. "అయ్యా, కంబళ్ళు తీయించాలి. అవుంటే వాల్వులు తెరుచుకోవు. దడులు చల్లబడ్డాయి."

"చల్లబడ్డాయా? మంచిది," అన్నాడు మార్తాండరావు గారు.

"మంచిదా?"

"విదేశాల్లో దడులు చల్లగానే ఉంటాయమ్మా. నేను స్వయంగా తాకి చూశాను. ఇంతకీ వాల్వు దగ్గర ఉష్ణోగ్రత ఎంత?"

"కంబళి కిందా? ముప్ఫై ఉంటుంది. అయితే పిల్లలు..."

"ముప్ఫై! విన్నారా, ముప్ఫై!" అని అవతల ఎవరికో చెప్పి, మళ్ళీ ఫోన్లోకొచ్చాడు. "చూడండి, గది ఉష్ణోగ్రత మీద అభిప్రాయం చెప్పే అధికారం వాల్వుకి మాత్రమే ఉంది. వార్డెన్లకి లేదు."

"పిల్లలు వణుకుతున్నారయ్యా."

"అలవాటు కొద్దీ వణుకుతారు. తరతరాలుగా చలిలో పెరిగారు కదా. అవగాహన కల్పిద్దాం."

అన్నంత పనీ చేశాడు. అవగాహన కల్పించే ఆయన స్వెట్టరు వేసుకుని వచ్చాడు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. "ఇది పాత వణుకు. వెచ్చదనం గురించి ఆలోచించండి, పోతుంది," అని చెప్పాడు. పిల్లలు ఆలోచించారు. ముత్తమ్మ పొయ్యి గురించి ఆలోచించారు. ఆయన వెళ్ళగానే లేచి వంటగదిలోకి పరుగెత్తారు.

పక్షోత్సవాలు ముగిశాయి, కంబళ్ళు మాత్రం దిగలేదు. ముప్ఫై డిగ్రీల వార్త ఆఫీసుల్లో తిరిగి తిరిగి పెద్దదైంది. కొర్రమెట్ట అతి వెచ్చని వసతి గృహమైంది. అతి వెచ్చదనం ఆరోగ్యానికి చేటని ఎవరో అన్నారు. అదనపు వేడి బయటికి పోవడానికి కిటికీలు రోజంతా తెరిచి ఉంచాలని ఆదేశం వచ్చింది. నీళ్ళు పారక బాయిలర్ పొట్టు తక్కువ ఖర్చవడం పొదుపు కిందకెళ్ళింది. ఆ పొదుపుతో, నమ్మండి నమ్మకపోండి, సీలింగు ఫ్యాన్లు మంజూరయ్యాయి.

సోమినికి దగ్గు మళ్ళీ పట్టుకుంది. పగలంతా దగ్గుతూనే ఉంది. జగ్గన్న సంతకి దిగుతూ ఆగాడు. కూతురి చేతులు పట్టుకుని చూశాడు. తర్వాత దడి మీద చెయ్యేశాడు. తీసేశాడు.

"మేడమ్, మా పాకలో నిప్పులున్నాయి," అన్నాడు. కోపంగా అనలేదు, అదే దమయంతికి గుచ్చుకుంది. "వచ్చే సంత దాకా సూత్తాను. ఇలాగే ఉంటే పిల్లని తోలుకుపోతాను. మిగతా ఇళ్ళవాళ్ళూ అదే అనుకుంతన్నారు."

అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ బడికి రాదని దమయంతికి తెలుసు. ఆమెతో చదివినవాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. ఎవరూ తిరిగి రాలేదు.

"ముద్ర తెంపి పారీండమ్మా," అంది ముత్తమ్మ. "మీరు తెంపకపోతే నాను తెంపుతాను."

"తెంపాననుకో. నన్ను పీకేస్తారు. నా చోట్లో వచ్చేవాడు కంబళి మీద ఇంకో కంబళి కప్పుతాడు. అదొద్దు. ముద్ర వాళ్ళ చేతే తెంపించాలి."

"ఆలెందుకు తెంపుతారు?"

జవాబు దమయంతికీ తెలీదు అప్పటికి.

వచ్చే సంత రోజునే కమిషనర్ ఇందుమతి గారు వస్తున్నారని కబురందింది. కొత్తగా వచ్చినావిడ. అతి వెచ్చని వసతి గృహం చూడాలని ముచ్చట పడ్డారట. ఫ్యాన్లు కూడా ఆవిడ చేతుల మీదుగానే తిరగాలని మార్తాండరావు గారు ఏర్పాటు చేశాడు.

సంత రోజు వచ్చింది. మంచు తెర దిగి ఎదుటి కొండ కనబడటం లేదు. కార్లు హెడ్‌లైట్లు వేసుకుని వచ్చాయి. మార్తాండరావు గారు దిగాడు. కోటు, కోటు మీద శాలువా, గ్లౌజులు, మంకీ క్యాపు. మొహంలో ముక్కొక్కటే లోకానికి కనబడుతోంది. కమిషనర్ గారు ఉన్ని శాలువా కప్పుకున్నారు.

పడక గదిలో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పిల్లలు వరసగా నిలబడ్డారు. కమిషనర్ గారు స్విచ్చి నొక్కారు. కొత్త ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. చప్పట్లు కొట్టించారు. చప్పట్లు కొడితే చేతులు వెచ్చబడతాయని పిల్లలు ఆపకుండా కొట్టారు.

"ఇక్కడ బాగా చలిగా ఉన్నట్టుందే?" అన్నారు కమిషనర్ గారు.

"అది చలి కాదు మేడమ్, చలి అనే భావన," అన్నాడు మార్తాండరావు గారు. ఒక కంబళి సందులోంచి ఉష్ణమాపకం తీసి చూపించాడు. "ముప్ఫై ఒకటి. కళ్ళారా చూడండి."

ఆ ముక్కుని, ఆ శాలువాని, ఎర్ర కంబళి చుట్టుకున్న వాల్వుని దమయంతి మార్చి మార్చి చూసింది. రెండూ ఒకే రకం. చుట్టూ ఎంత చుడితే లోపల అంత ధీమా. అప్పుడు తట్టింది ఆమెకి జవాబు.

"అయ్యా, చిన్న సందేహం," అంది. "ఈ గది వెచ్చగా ఉంది కదా?"

"నిస్సందేహంగా."

"ఒక మనిషికి ఒకే వెచ్చదనం అన్నారు కదా?"

"అది మౌలిక సూత్రం."

"మరి తమరి ఒంటి మీద కోటు, శాలువా, గ్లౌజులు, టోపీ... ఇది ద్వంద్వ ప్రయోజనం కాదా? పిల్లలు చూస్తున్నారు. అవగాహన దెబ్బతింటుంది."

కమిషనర్ గారు మార్తాండరావు గారి వంక చూశారు, దమయంతి వంక చూశారు. పెదవి చివర చిన్న నవ్వు దాచుకుని, తన శాలువా ముందు తీసేశారు.

"సూత్రం సూత్రమే కదా రావు గారూ?"

ఇంకేముంది, ఆయనా తీశాడు. ముత్తమ్మ ఎదురెళ్ళి అందుకుంది. "ఇలగియ్యండి బాబూ. బద్రంగా దాసి పెడతాను. స్టోర్లో."

మార్తాండరావు గారు ప్రసంగం మొదలెట్టాడు. "ఈ మ-మహత్తర తా-తాపన వ్య-వ్య..." వ్యవస్థ దాకా పోలేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి. ముందు వరసలో సోమిని దగ్గు ఆపుకుని జాలిగా చెప్పింది.

"భయపడకండి సార్. అది పాత వణుకు. వెచ్చదనం గురించి ఆలోచిస్తే పోతుంది."

ఆయన ఆలోచించాడు. ఆలోచిస్తే ఆ గదిలో వెచ్చదనం ఉన్న చోటు ఒక్కటే గుర్తొచ్చింది. "వాల్వుల త-తనిఖీ చేద్దాం," అని గోడ దగ్గరికి నడిచాడు. కంబళి కింద ఒక చెయ్యి దూర్చాడు. "ఆహా, పరిస్థితి సంతృప్తికరం." రెండో చెయ్యి దూర్చాడు. కాసేపటికి మోచేతుల దాకా లోపలే ఉన్నాడు. కూలబడ్డాడు. చెంప ఆనించాడు. పుటుక్కున చప్పుడైంది. ముద్ర తెగింది. చుట్టిన ఎర్ర కంబళ్ళన్నీ మార్తాండరావు గారి భుజాల మీదికి వచ్చేశాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

బోసిపోయిన వాల్వుకి ఫ్యాను గాలి నేరుగా తగులుతోంది. కొంతసేపటికి ఇనప దడిలోంచి టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు. పక్కనున్న పిల్ల చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"మేడమ్! దడి కాలుతోంది!"

పిల్లలంతా అటు ఎగబడ్డారు. దమయంతి కమిషనర్ గారికి రెండు ముక్కల్లో చెప్పింది. మదుం కాడ మనిషి, కాలి కింద తడి. ఆవిడకి ఒక్కసారికే తలకెక్కింది. "మరి తీయించేద్దాం కంబళ్ళు," అన్నారు.

"కుదరదు మేడమ్!" కంబళిలోంచి మార్తాండరావు గారు తల బయట పెట్టాడు. "కంబళి వాల్వు పేరున నమోదైంది. తీస్తే విధానం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అయితే ఇప్పుడొక నూతన ఆవిష్కరణ జరిగింది. వాల్వు కంబళిని మనిషి ధరిస్తే దడి వేడెక్కుతోంది! వాల్వు తరఫున కంబళి ధరించే ప్రతినిధిని నియమించాలి."

"చాలా మంచి ఆలోచన," అన్నారు కమిషనర్ గారు చాలా గంభీరంగా. "వాల్వుకొక ప్రతినిధి. చలికాలమంతా ఇక్కడే ఉండాలి. మీ ఆఫీసు వాళ్ళు సరిపోతారా? మీతో మొదలెడదామా?"

మార్తాండరావు గారు కిటికీలోంచి మంచుని చూశాడు. ఆయన బుర్ర ఎన్నడూ లేనంత వేగంగా పనిచేసింది.

"స్థానికులకే అవకాశమిద్దాం మేడమ్! పిల్లలున్నారు కదా. పిల్లలు ధరించవచ్చు. ఉన్న కంబళ్ళన్నీ ధరించవచ్చు. గౌరవ ప్రతినిధులుగా. జీతం ఉండదు."

"జీతమొద్దు బాబూ," అంది ముత్తమ్మ. "కంబలి సాలు."

అలా కొర్రమెట్ట పిల్లలకి కంబళ్ళు తిరిగొచ్చాయి. ఒక్కొక్క వాల్వుకి ఎన్నేసి కంబళ్ళు చుట్టారో విప్పుతుంటే తెలిసింది, తలా ఒకటి సరిపోయింది. కిటికీలు మూశారు. ఫ్యాన్లు ఆపారు. దడులు ఒకటొకటే టక్కుమన్నాయి.

సోమిని మంచం పక్కన దడి ఒక్కటి మాత్రం వేడెక్కలేదు.

సరిగ్గా అప్పుడే జగ్గన్న వచ్చాడు. కూతురి బట్టలు మూటకట్టుకోడానికి భుజాన గుడ్డ వేసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, అంతమంది ఆఫీసర్లని చూసి లోపలికి రాలేదు. చల్లగా ఉన్న ఆ దడి వంకే చూస్తున్నాడు.

దమయంతి ఎవర్నీ అడగలేదు. వాల్వు మెడ దగ్గరి మరబిళ్ళ తిప్పి బుర్రని ఊడదీసింది. కింద సన్న పుల్ల కనిపించింది. మిగతావన్నీ పైకి లేచుంటే ఇదొక్కటి దిగిపోయి అలాగే బిగుసుకుంది. అన్ని రోజులు నొక్కుకుని కూర్చుంటే లేవడం మర్చిపోయింది. ముత్తమ్మ చేతిలో గరిట లాక్కుని, కాడతో వాల్వు పక్కన మెల్లగా తట్టింది. నూనె చుక్క వేసింది. పుల్లని వేలితో నొక్కి వదిలింది. లేవలేదు. మళ్ళీ తట్టింది, మళ్ళీ నొక్కి వదిలింది. పుల్ల ఠక్కున పైకి లేచింది. పైపులో నీళ్ళు సర్రున పోయాయి.

"ఇది జిల్లా స్థాయి పని..." అన్నాడు మార్తాండరావు గారు.

"ఊరుకోండి," అన్నారు కమిషనర్ గారు.

జగ్గన్న లోపలికి వచ్చాడు. దడి మీద అరచెయ్యి పెట్టాడు. ఉంచాడు. ఉంచలేనంత వేడెక్కాక తీశాడు. కంబళిలో ముక్కు దాకా దూరిపోయిన కూతుర్ని చూశాడు. భుజాన గుడ్డ తీసి తలకి చుట్టుకున్నాడు.

"ఉప్పు కొనాల," అన్నాడు దమయంతితో. "సంత అయిపోతాది." వెళ్ళిపోయాడు.

ఇదీ జరిగింది. కొర్రమెట్ట ఒక్కటి బయటపడింది. మరి మిగతా కొండల మాటేమిటి? అక్కడ ఇంకా వాల్వులు కంబళి కప్పుకుని నిద్రపోతున్నాయి, పిల్లలు వాటికి కాపలా ఉంటున్నారు. అక్కడికి ఏ కమిషనరమ్మా రాలేదు. అందుకే మీతో పని. మీటింగు పెట్టకండి, పక్షోత్సవాలు చేయకండి, విదేశాలకి పోకండి. పోతే జనవరిలో పోండి. ఈ పూటే కోటు విప్పి, శాలువా విప్పి, కొండెక్కండి. ప్రతి పడక గదిలోనూ పిల్లల మధ్య ఒక్క గంట కూర్చోండి. చలేస్తుంది. అప్పుడు మీ చేత్తో మీరే ఆ రిబ్బను తెంపి, కంబళి తీసి, పక్కనున్న పిల్లకి కప్పండి. ముందు పిల్లకి. దడి మీద చెయ్యి తర్వాత పెట్టొచ్చు.